ఇరవై ఒక్క ఆకుల పాండిత్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అన్నీ నిజంగా తెలుసని కాదు. ఎవరేం అడిగినా “తెలుసు” అనే మాట నా నోట్లోంచి నా అనుమతి లేకుండానే వచ్చేసేది. ఇరవై నాలుగేళ్ల వయసు, సింగపూర్‌లో మొదటి ఉద్యోగం, మెళ్లో ఆఫీసు కార్డు, కాళ్లకి కొత్త బూట్లు. ఇన్ని ఉన్నవాడు “తెలియదు” అంటే నామోషీ కాదూ? బస్‌స్టాపులో ఎవరు దారి అడిగినా తెలుసనే చెప్పేవాణ్ణి. (చాంగీ వెళ్లాల్సిన ఒక ముసలి దంపతులను సరిగ్గా అవతలి కొసకు పోయే బస్సెక్కించిన పాపం నాది. వాళ్లు కిటికీలోంచి చెయ్యి ఊపి మరీ థాంక్స్ చెప్పారు.) ఆ ఒక్క మాట మూలంగా నేను చేసిన ఘనకార్యాలన్నీ రాయడం మొదలుపెడితే మా ఇంట్లో నా పరువు పోతుంది కాబట్టి ఒక్కటి మాత్రం చెబుతాను. ఒక చర్చి తోటను వారం రోజుల్లో, ఎంతో శ్రద్ధగా, రోజూ స్నానం చేసి వెళ్లి మరీ, ఎలా పాడుచేశానో చెబుతాను.

అప్పట్లో నేను బెడోక్‌లో ఒక ఫ్లాటులో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఇంటివాళ్లు తెలుగువాళ్లే గానీ నాలాగా నిన్నగాక మొన్న విమానం దిగినవాళ్లు కాదు. ఇంటాయన తాతగారు దొరల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. మూడు తరాలు గడిచేసరికి ఆ ఇంట్లో తెలుగులోకి తమిళమూ మలయ్ మాటలూ వచ్చి చేరి, తమ తమ కుర్చీల్లో స్థిరపడిపోయాయి. పొద్దున్నే ఆయన “తంబీ, మకాన్ అయిందా?” అంటే టిఫిన్ తిన్నావా అని. నేను ఆయన్ని అంకుల్ అనీ, ఆవిణ్ణి ఆంటీ అనీ పిలిచేవాణ్ణి. ఆ ఊళ్లో పెద్దవాళ్లందరూ అంకుళ్లూ ఆంటీలే కాబట్టి అందులో నా ప్రత్యేకత ఏమీ లేదు. అంకుల్ రోజూ దేవుడికి దీపం పెట్టి, నుదుట విభూతి దిద్దుకుని, చర్చికి బయలుదేరేవారు. అక్కడ ఆయన తోటమాలి. బెడోక్ దాటాక, పాతకాలపు పల్లె ఒకటి ఉండిపోయిందా అనిపించే మూల, చిన్న తెల్ల చర్చి, దాని వెనక పదిహేడు పాత సమాధులు, వాటి చుట్టూ తోట. ఆ పదిహేడు మందినీ, ఆ తోటనీ నలభై ఏళ్లుగా చూసుకుంటున్నది ఆయనే.

ఆయన పని చేసే పద్ధతి కూడా మామూలు పద్ధతి కాదు. పనిముట్ల గదిలో మేకుకి ఒక పాత నోటుబుక్కు వేలాడుతూ ఉండేది. ఎప్పుడో అక్కడ పనిచేసిన ఒక ఇంగ్లీషు ఫాదర్ తన సొంతూరి చర్చిని తలుచుకుంటూ, ఏ నెలలో ఏ పని చెయ్యాలో అందులో రాసిపెట్టాడు. సెప్టెంబరు పేజీలో ఇలా ఉండేది: ఆకురాలు కాలం మొదలు, చలి ముదురుతుంది, రాలిన ఆకులు రోజూ ఊడ్చాలి, స్వాలో పిట్టలు వెళ్లిపోతాయి, హెడ్జ్‌హాగులు నిద్రకు పోయేముందు వాటికి పాలు పెట్టాలి. మన పంచాంగం ప్రకారం అది వర్ష ఋతువు, ఆ ఫాదరు లెక్కలో ఆకురాలు కాలం, సింగపూర్ లెక్కలో అసలు ఏ కాలమూ కాదు. అక్కడ ఆకులు పన్నెండు నెలలూ రాలతాయి. చలి కావాలంటే షాపింగ్ మాల్‌లోకి వెళ్లాలి. హెడ్జ్‌హాగు అనే ఆ బుల్లి ముళ్ల జంతువును ఆ దీవిలో తిరగ్గా చూసినవాడు లేడు. అయినా అంకుల్ ఏటా సెప్టెంబరు వచ్చేసరికి ఎనామిల్ ప్లేటులో పాలు పోసి గోడవార పెట్టేవారు. “ఎవరు తాగుతారంకుల్?” అని అడిగితే, “వచ్చినోళ్లు తాగుతారు. ముళ్లుంటేనే తాగాలని ఫాదర్ రాయలేదు గదా?” అన్నారు. స్వాలోలు మరి ఇక్కడ సెప్టెంబరులో వెళ్లవు, వస్తాయి కదా అంటే, “అక్కడ పోయినాయే ఇక్కడికొస్తాయి తంబీ. బుక్కు కరెక్టే. మనం ఈ చివర నిలబడి చదువుతున్నాం, అంతే” అన్నారు.

అలాంటి అంకుల్‌కి ఆ సెప్టెంబరులో మోకాలు మొండికేసింది. ఆపరేషన్ తప్పదన్నారు. సరిగ్గా అప్పుడే చర్చి కమిటీవాళ్లు, తోట పని మొత్తం ఒక కాంట్రాక్టు కంపెనీకి అప్పగించేద్దామా అని ఆలోచిస్తున్నారు. వచ్చే శనివారం పది గంటలకి అందరూ వచ్చి తోట చూస్తారట. బాగుంటే అంకుల్ ఉంటారు, బాగోకపోతే మిషన్లు వస్తాయి. అంకుల్ ఈ సంగతి చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పారు గానీ, చేతిలో టీ గ్లాసు చల్లారిపోతున్నా తాగలేదు. ఆంటీ వంటింట్లోంచే అందుకుంది. “ఆ తోట లేపోతే ఈయన పొద్దస్తమానం ఇంట్లో కూకుని నన్ను ఊడ్చేస్తాడు. నా వల్ల కాదమ్మా!” తరవాత ఆవిడ అంకుల్‌కి తెలియకుండా కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అంకుల్ నా వైపు తిరిగి, “నువ్వు ఆఫీసుకి పోయే ముందు రెండు గంటలు పోయి, కలుపు పీకుతావా తంబీ? కలుపు ఒక్కటే. ఇంకేదీ ముట్టుకోవద్దు. నీకు మొక్కలు తెలుసా?” అని అడిగారు.

“తెలుసంకుల్” అన్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పుట్టి పెరిగింది కాకినాడలో ఒక రెండో అంతస్తు ఇంట్లో. మాకు ఉన్న మొత్తం వ్యవసాయం బాల్కనీలో ఒక తులసి కుండీ. కొత్తిమీరకీ పుదీనాకీ తేడా వాసన చూస్తేగానీ చెప్పలేను. కానీ ఏటా వినాయక చవితికి ముందురోజు మా అమ్మ నా చేతికో గుడ్డ సంచీ ఇచ్చి పత్రి తెమ్మని పంపేది. మార్కెట్లో కట్టలు కట్టి అమ్మేదాన్ని ఆవిడ నమ్మేది కాదు. దేవుడికి ఇరవై ఒక్క రకాలంటే ఇరవై ఒక్క రకాలే, ఒక్కో ఆకూ పట్టి చూసి, “ఇది ఉత్తరేణి కాదురా వెధవా, మళ్లీ వెళ్లు” అని వెనక్కి తోలేది. అలా పదేళ్లు తిరిగి తిరిగి, ఆ ఇరవై ఒక్క ఆకుల్నీ నిద్రలో లేపి చూపించినా గుర్తుపట్టేంతవాణ్ణయ్యాను. నా వృక్షశాస్త్రం అక్కడ మొదలై అక్కడే ముగిసింది. ఇరవై రెండో మొక్క ఈ భూమ్మీద ఉందన్న సంగతి నేనెప్పుడూ సీరియస్‌గా తీసుకోలేదు.

మొదటి రోజు ఏడింటికల్లా తోటలో ఉన్నాను. పొరుగుదేశం అడవుల పొగ అప్పుడప్పుడూ సెప్టెంబరులో ఇటు కొట్టుకొస్తుంది. ఆ పొగ పల్చగా కమ్ముకుని, సూర్యుడు అరకొరగా కడిగిన ఇత్తడి పళ్లెంలా కనిపిస్తున్నాడు. ఎక్కడో కోయిల గొంతు చించుకుంటోంది. (మన కవులు సింగపూర్ కోయిలని ఒక్క వారం తెల్లవారుజామున విని ఉంటే మన సాహిత్యం వేరుగా ఉండేది.) అడవికోళ్లు ఎనిమిదో తొమ్మిదో సమాధుల మధ్య వాకింగ్ చేస్తున్నాయి. నేను నోటుబుక్కు ప్రకారం హెడ్జ్‌హాగుకు పాలు పోసి, ప్లేటు గోడవార పెట్టి వెనక్కి తిరిగేసరికి, నా అంత పొడవున్న ఉడుము ఒకటి పొదలోంచి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. ఉడుంపట్టు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ పట్టు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఎలా ఎక్కానో తెలియదు, ఎవరో ఓడ కెప్టెనుగారి సమాధి మీద చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఉడుము నన్ను పట్టించుకోకుండా పాలు తాగడం మొదలుపెట్టింది. నేను పై నుంచి “సారీ సర్, సారీ సర్” అంటున్నాను. ఉడుముకి కాదు, కెప్టెనుగారికి.

ఆ స్థితిలోనే గొడుగు మేడం నన్ను మొదటిసారి చూశారు. ఆవిడ చర్చి కమిటీకి సెక్రటరీ. డెబ్భై దగ్గర పడిన చైనావిడ. ఎండా వానా తేడా లేకుండా ఆవిడ చేతిలో పూల గొడుగు ఉండేది. (ఆవిడ మాట్లాడేది సింగపూర్ ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను గానీ చివర్లో వచ్చే ‘లా’లు మాత్రం ఆవిడవే.) “అక్కడ ఏం చేస్తున్నావు?” అన్నారు. “కలుపు తీస్తున్నాను మేడం” అన్నాను, కెప్టెను మీద నుంచే. ఆవిడ ఉడుము దగ్గరకు వెళ్లి గొడుగు కొసతో నేల మీద రెండుసార్లు కొడితే అది చిన్నపిల్లాడిలా తల వంచుకుని వెళ్లిపోయింది. “అది ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటోంది లా. నువ్వెంత కాలం ఉంటావో?” అని ఆవిడా వెళ్లిపోయారు.

ఆ అవమానంతో నాకు పౌరుషం వచ్చింది. ఉడుము లేని వేళ చూసుకుని పనిలోకి దిగాను. కలుపు అంటే ఏమిటి? ఉండకూడని చోట పెరిగే, పనికిరాని మొక్క. పనికిరానిది ఏదో తెలియాలంటే పనికొచ్చేది ఏదో తెలియాలి. పనికొచ్చేవి ఇరవై ఒకటి అని నాకు మా అమ్మ ఎప్పుడో చెప్పేసింది! అలా వెతికితే ఆ తోటలో నా కళ్లు మెరిసిపోయాయి. వెనక కంచె వారన జిల్లేడు. దాని పక్కనే ఉమ్మెత్త. దారి పొడవునా ఉత్తరేణి, ఏపుగా, నడుమెత్తు. గడ్డిలో గరిక. గన్నేరు, తులసి, దానిమ్మ, మామిడి. కెప్టెనుగారి సమాధి పగుల్లోంచి మొలిచిన లేత రావిమొక్క. ఇరవై ఒకటిలో తొమ్మిది దొరికాయి. అంకుల్ ఎంత భక్తిపరుడో, చర్చిలో కూడా పత్రివనం పెంచుతున్నాడు అని మనసులోనే చెయ్యెత్తి మొక్కాను. (ఆ తొమ్మిదింట్లో సగం, మోకాలి నొప్పితో రెండు నెలలుగా వంగలేక ఆయన పీకలేకపోయిన కలుపు అని నాకెలా తెలుస్తుంది?) మిగతావన్నీ పీకడం మొదలుపెట్టాను. చారల ఆకులవి, చుక్కల ఆకులవి, దువ్వెనలాంటివి, ఏనుగు చెవుల్లాంటివి, ఒక్కటీ పూజకి పనికిరాదు. దారికి అటూ ఇటూ ఉల్లికాడల్లాంటివి వందకి పైగా ఉన్నాయి, లాగితే దుంపలతో సహా వచ్చేవి. వాటికి మాత్రం మూడు పొద్దులు పట్టింది. అన్నింటినీ తీసుకెళ్లి పనిముట్ల గది వెనక నీడలో కుప్ప పోశాను. ఉత్తరేణికి పాదులు చేశాను. రావిమొక్కకు రోజూ నీళ్లు పోసి, ఎండ తగలకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టాను. రావిచెట్టును పీకే పాపం నా చేతులతో చేయడమా? ఆస్పత్రిలో అంకుల్‌ని చూడ్డానికి వెళ్లినప్పుడు, “తోట ఎలాగుంది?” అని ఆయన అడిగితే, “అంకుల్, మీరు గుర్తుపట్టలేరు” అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం నిజమైంది.

పని అంతటితో ఆపినా బాగుండేది. ఆ శనివారమే వినాయక చవితి. సింగపూర్‌లో దారిపక్క చెట్టుకి చెయ్యేస్తే ఏ జరిమానా పడుతుందోనని మావాళ్లంతా భయపడి, లిటిల్ ఇండియాలో కట్టకి నాలుగాకులు తెచ్చుకుని సర్దుకునేవారు. నేను శుక్రవారం సాయంత్రం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, “నా దగ్గర తొమ్మిది రకాల పత్రి ఉంది, తాజాగా, రేపు ఏడింటికి రండి” అని చిరునామా పెట్టాను. ఎనిమిదికల్లా అందరూ వెళ్లిపోతారు, పదింటికి కమిటీ వస్తుంది, మధ్యలో ఒకసారి ఊడుస్తాను అని నా లెక్క. శనివారం తెల్లవారుతూనే సుమత్రా వైపు నుంచి గాలివాన ఒకటి వచ్చి పడింది. రెండున్నర గంటలు ఆగకుండా కొట్టింది. ఏడింటికి రావలసినవాళ్లు వాన వెలిశాక తొమ్మిదిన్నరకు వచ్చారు. ఒకరిద్దరు వస్తారనుకుంటే నలభై మంది దాకా వచ్చారు.

మావాళ్లను తప్పుపట్టలేను. ఎంతో మర్యాదగా వచ్చారు. దేవుడి పని కాబట్టి గేటు దగ్గరే చెప్పులు వదిలారు. పట్టుచీరలు, పంచెలు, చేతుల్లో ప్లాస్టిక్ సంచులు. లోపలికొచ్చి సమాధులు చూడగానే ఆగిపోయారు. శ్మశానంలో కోసిన పత్రి దేవుడికి పెట్టొచ్చా? తరవాత స్నానం చెయ్యాలా? తలమీద నుంచా, మామూలుగానా? మా ఆఫీసులో ఒకావిడ ఉండేది, దేనికైనా రూలు చెప్పగలదు, మేమంతా రూల్సక్క అనేవాళ్లం. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తీర్పు చెప్పింది. “ఇదేం శ్మశానం కాదు, గార్డెన్. సమాధికి ఆరడుగుల లోపలుంటే వద్దు, ఆరడుగులు దాటితే నో ప్రాబ్లం.” వెంటనే ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఫోన్లో కొలత యాప్ తెరిచి ఒక్కో సమాధి నుంచి ఆరడుగులు కొలవడం మొదలుపెట్టారు. జిల్లేడు ఒక్కటే చెట్టు కావడంతో దానికి క్యూ కట్టారు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, ఈ సీటు నాది అన్నట్టు వెళ్లిపోవడం అక్కడి అలవాటు కదా, ఎవరో ఉమ్మెత్త కొమ్మకి టిష్యూ ప్యాకెట్ గుచ్చి వెళ్లారు. ఒక ముసలమ్మ కెప్టెనుగారి రావిమొక్కకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అక్కడితో ఆగక, రాయి చిన్నబుచ్చుకుంటుందేమోనని దానికీ పెట్టింది. వీళ్లు చాలదన్నట్టు, పొద్దున నడకకు వచ్చిన ఇద్దరు చైనా తాతలు క్యూ కనబడగానే వచ్చి చివర నిలబడ్డారు. “ఇక్కడ ఏది బాగుంటుంది?” అని ముందున్నాయన్ని అడుగుతున్నారు.

అప్పుడు వచ్చింది కమిటీ. ముందు తెల్లని అంగీలో ఇప్పటి ఫాదర్, పక్కన గొడుగు మేడం, వెనక మరో ముగ్గురు, వాళ్లతోపాటు టై కట్టుకుని, చేతిలో ఫైలుతో కాంట్రాక్టు కంపెనీ ఆయన. గేటు దగ్గర నలభై జతల చెప్పులు చూసి ఫాదర్ తన బూట్లు విప్పాలా వద్దా అని ఆలోచనలో పడ్డారు. పాదులు చేసి పెంచిన నా ఉత్తరేణి మధ్య నుంచి వాళ్లు నడిచి వచ్చేసరికి ఫాదర్ అంగీకి మోకాళ్ల దాకా, టై ఆయన ప్యాంటుకి నడుం దాకా ముళ్ల గింజలు అతుక్కుపోయాయి. గొడుగు మేడం దారికి అటు చూశారు, ఇటు చూశారు. నేను శుభ్రంగా చదును చేసిన నల్లమట్టి తప్ప అక్కడేమీ లేదు.

“మా అమ్మ లిల్లీలు ఏవి?” అన్నారు.

ఆ ఉల్లికాడలు లిల్లీలని నాకప్పుడు తెలిసింది. ఆవిడ తల్లి ఈ చర్చి ఊడుస్తూ బతికిందట. దారి పొడవునా ఒక్కో దుంపా తనే పాతిందట. ఆవిడ ఇదంతా గొంతు పెంచకుండా, గొడుగు మూసి పట్టుకుని చెప్పారు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. సరిగ్గా అప్పుడే గేటులోంచి చక్రాల కుర్చీ వచ్చింది. ఆస్పత్రి నుంచి ముందురోజే ఇంటికి చేరిన అంకుల్, డాక్టరు వద్దన్నా వినకుండా కూర్చున్నారు, ఆంటీ తోసుకొస్తోంది. అంకుల్ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, నుదుట విభూతి ఉంది. ఆయన తోట మొత్తం ఒకసారి చూశారు. నలభై ఏళ్ల తోట. ఆంటీ “అలమాక్, అయ్యయ్యో!” అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం అంకుల్ వైపు తిరిగారు. “ఈ అబ్బాయికి ఇలా చెయ్యమని నువ్వే చెప్పావా?”

అంకుల్ నా వైపు చూడనైనా చూడలేదు. “నేనే చెప్పాను మేడం. తప్పు నాది” అన్నారు.

టై ఆయన ఫైలు తెరిచాడు. అంకుల్ పని పోయిందని నాకు అర్థమైంది. నేను నోరు మూసుకుంటే చాలు, నన్నెవరూ ఏమీ అనరు. నా గది, నా ఆఫీసు, నా కొత్త బూట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఆ చక్రాల కుర్చీలో ఆ ఇస్త్రీ చొక్కాని చూస్తే నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. “కాదు మేడం, అంకుల్ కలుపు ఒక్కటే తియ్యమన్నారు. మొక్కలు తెలుసా అని అడిగితే తెలుసన్నాను. నాకు తెలియదు” అన్నాను. ఆ మాట అనడం నాకదే మొదటిసారి. “నాకు తెలిసినవి ఇరవై ఒకటే. అవి ఉంచి, మిగతావన్నీ పీకేశాను.”

“ఏ ఇరవై ఒకటి?” అన్నారు ఫాదర్, అంగీ నుంచి ఒక గింజ తీసుకుంటూ.

నేను చేతులు కట్టుకుని అప్పజెప్పాను. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం, దూర్వాయుగ్మం... వరసగా, మా అమ్మ ముందు నిలబడ్డట్టే. నా వెనక క్యూలో ఉన్న నలభై మందీ అలవాటుకొద్దీ ఒక్కో పేరుకీ “పూజయామి” అని అందుకున్నారు. వాళ్లను ఆపమని సైగ చేశాను, కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి చూడలేదు. చైనా తాతలు కూడా తలలూపుతున్నారు. ఇరవై ఒకటీ అయ్యాక ఒక కోడి కూసింది.

“మా అమ్మ లిల్లీ ఆ లిస్టులో లేదు” అన్నారు మేడం.

“లేదు మేడం.”

ఆవిడ టై ఆయన వైపు తిరిగారు. “మీ మనుషులకు ఎన్ని మొక్కలు తెలుసు?”

ఆయన ప్యాంటు నుంచి ఉత్తరేణి గింజలు పీక్కుంటూ సంతోషంగా చెప్పాడు. “తెలియాల్సిన పని లేదు మేడం. మిషన్ అన్నింటినీ ఒకే ఎత్తుకి కోసేస్తుంది. అది లిల్లీ అయినా, గడ్డి అయినా ఒకటే. ఈ రావిమొక్కలాంటివి కూడా రెండు నిమిషాలు.”

“పైన కోస్తారు, ఏరు లోపలుంటది” అన్నారు అంకుల్ నెమ్మదిగా. “ఏరు రాయిని చీలుస్తది.” తరవాత నన్ను పిలిచి, తను చెబుతుంటే నా చేత చేయించారు. ముందు రావిమొక్కకు దణ్ణం పెట్టించారు. తప్పు క్షమించు, నీకు వేరే చోటు చూస్తాం అని అనిపించారు. తడి మట్టి వేలితో కెలికి, పుల్లతో పగులు వెంట కొంచెం కొంచెం సడలించి, వేరు తెగకుండా మొత్తం బయటికి తీయించారు. ఆంటీ సంచీలోంచి టిఫిన్ డబ్బా ఖాళీ చేసి ఇస్తే అందులో పెట్టాం. పావుగంట పట్టింది. కమిటీ మొత్తం నిలబడి చూసింది. క్యూలోవాళ్లు ఎవరూ కదల్లేదు.

గొడుగు మేడం గొడుగు తెరిచారు. “ఇరవై ఒకటి తెలిసిన వెధవకి ఇంకా నేర్పొచ్చు లా. ఏదీ తెలియక్కర్లేదనేవాడికి నేనేం నేర్పను?” అని, టై ఆయనకు మర్యాదగా గేటు చూపించారు. అంకుల్‌తో, “నువ్వు కుర్చీలోంచి చెప్పు. చేసేది వీడు. ప్రతి శనివారం, ఏడాది పాటు. మా అమ్మ లిల్లీలతో మొదలు” అన్నారు. అంకుల్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆంటీ ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, “సుడా, అయిపోయింది లెండి. ఇంక ఏడుపెందుకు?” అంటూ తనూ ఏడ్చింది. ఫాదర్ పత్రి క్యూ వైపు చూసి, వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపొద్దన్నారు. ఉత్తరేణి మాత్రం మొత్తం పట్టుకుపొమ్మని బతిమాలారు.

అదృష్టం కొద్దీ నేను పీకిన దుంపలు నీడలో ఉండడం వల్ల చావలేదు. ఆ మధ్యాహ్నం నుంచే నాటడం మొదలుపెట్టాం. మేడం గొడుగు నీడ నా నెత్తి మీద పడేలా నిలబడి, ఒక్కో మొక్క పేరూ చెప్పి నా చేత తిరిగి చెప్పించేవారు. తప్పు చెబితే గొడుగు కొసతో నా బూటు మీద పొడిచేవారు. అంకుల్ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని, నేను పీకబోయే ప్రతిదానికీ ముందు, “అది కాదు తంబీ, పక్కది” అనేవారు. కొన్ని నెలలకి ఒకరోజు దారికి అటూ ఇటూ తెల్లగా పూలు విచ్చుకున్నాయి. మేడం చాలాసేపు వాటిని చూసి, తన సంచీలోంచి కొబ్బరి జామ్ పెట్టిన కయా బన్ను ఒకటి తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. ఇల్లు సెరంగూన్‌కి మారింది. నా కూతురు ఏదో చెట్టు చూపించి పేరు అడిగితే, “తెలీదమ్మా, శనివారం కనుక్కుని చెబుతా” అంటాను. దానికి అందులో వింతేమీ కనబడదు, “ఓకే లా” అని ముందుకు నడుస్తుంది. కెప్టెనుగారి మీద చీపురు పట్టుకుని నిలబడి, ఈ లోకంలో ఇరవై ఒక్క మొక్కలే ఉన్నాయని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. వాడికున్నంత ధైర్యం నాకిప్పుడు లేదని కొంచెం దిగులూ వేస్తుంది. అంకుల్ పెద్దవారైపోయి ఇంటి నుంచే ఫోనులో తోట సంగతులు అడుగుతారు. గొడుగు మేడం ఇప్పటికీ వస్తారు. నాకు వేసిన శిక్ష ఏడాదికే. అది పూర్తయి పదమూడేళ్లు దాటింది. ఇక రానక్కర్లేదని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.